ఎద్దయితే చెప్తుంది, ట్రాక్టర్ చెప్పదు

ఒకసారి ధర్మవరం పక్క నుంచి హిందూపురం మార్కెట్టుకు చింతపండు తోలుతూ మూటలన్నీ ట్రాలీ ముందరికే వేసినాం. పెనుకొండ దగ్గర మిట్ట ఎక్కుతుంటే ట్రాక్టర్ ముందు చక్రాలు తేలిపోయినాయి. స్టీరింగ్ తిప్పినా బండి తిరగలేదు. ఎదురుగా ఎవరూ రాకపోబట్టి బతికిపోయినాం.

అందరూ డ్రైవర్‌ను తిడతారు. నేనైతే తప్పు లోడు వేసినోళ్లదే అంటాను, అంటే నాదే.

అట్లని బరువంతా వెనక్కి వేసినా ముప్పే. రెండు చక్రాల ట్రాలీకి వెనక బరువెక్కువైతే హుక్కును పైకి లేపుతుంది. ట్రాక్టర్ పెద్ద చక్రాలకు పట్టు తప్పుతుంది. దిగుడులో ట్రాలీ అటూ ఇటూ ఊగుతుంది.

మన నాయనలకు ఇది తెలుసు. కాడి ఎద్దు మెడ మీద పడినా, పైకి లేచినా బండి ఆపి మూటలు సర్దేవాళ్లు. ఎద్దు నిలబడిపోయి చెప్తుంది. ట్రాక్టర్ చెప్పదు, మనమే చూసుకోవాల.

బరువు మూటలు ఇరుసు మీదికి వేయండి, రవ్వంత ముందుకు మొగ్గు ఉంచండి. కార్లకు ట్రైలర్లు కట్టే కొన్ని దేశాల్లో కూడా ట్రైలర్ మొత్తం బరువులో నూటికి పది, పదిహేను పాళ్లు హుక్కు మీద పడాలంటారు. దిగుడులో న్యూట్రల్ చేయొద్దు. మూటల మీద మనుషుల్ని ఎక్కించొద్దు.

పది మూటలు ఎక్కువ వేస్తే మిగిలేది ఒక ట్రిప్పు డీజిలే. పోతే మనిషి పోతాడు.