బీమా వదిలించుకోవడానికి బ్యాంకు మారాలా?

మొన్నటి జుమా నమాజు తర్వాత కరీంనగర్‌లో ఒక సోదరుడు కాగితాల సంచితో మా దగ్గరికి వచ్చారు. ఉద్యోగం ఆదిలాబాద్ వైపు, ఇల్లు ఇక్కడ. "మౌల్వీ సాబ్, ఇంటి లోనుతో పాటు ఇన్సూరెన్స్ కూడా అంటగట్టారు. వేరే బ్యాంకుకు మారితే అది పోతుందా? అట్లా మారడం జాయజేనా?" అని అడిగారు.

వడ్డీ గురించి మా మాట పాఠకులకు కొత్త కాదు. తినేవాడే కాదు, ఇచ్చేవాడూ, పత్రం రాసేవాడూ, సాక్షులూ ఆ పాపంలో భాగస్థులేనని హదీసు ఉంది. కానీ ఇప్పటికే అందులో దిగిన మనిషిని మందలించి పంపితే అతని కిస్తీ ఆగదు. కూర్చుని కాగితాలు విప్పాం.

లోను 20 లక్షలు. బీమా ప్రీమియం ఒకేసారి 80 వేలు, అదీ లోనులోనే కలిపారు. 9 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు. ఆ బీమా ఒక్కదానికే నెలకు దాదాపు 720 రూపాయలు, గడువు తీరేసరికి లక్షా 72 వేల పైచిలుకు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయతు అప్పును రాసుకోవడం గురించే (బఖర, 282). దాన్ని కంఠస్థం చేసిన మనమే బ్యాంకులో చూపించిన చోటల్లా చదవకుండా సంతకం పెట్టి వస్తాం. ఇంటి అప్పుకు జీవిత బీమా తప్పనిసరి అని రిజర్వు బ్యాంకు ఎక్కడా చెప్పలేదు. 2024 అక్టోబరు నుంచి ఇచ్చే కొత్త లోన్లకైతే బీమా ఖర్చుతో సహా అన్నీ ఒక్క పత్రంలో చూపాలి. ఆ పత్రం అడిగి తీసుకోండి.

అమెరికాలో ఉన్న మన పిల్లలు చెప్పేది వేరు. అక్కడ 20 శాతం కంటే తక్కువ సొంత సొమ్ముతో ఇల్లు కొంటే సాధారణంగా బ్యాంకు రక్షణ కోసం బీమా కట్టిస్తారు. బాకీ తగ్గాక తీసేయమని అడిగే హక్కును 1998 చట్టం ఇచ్చింది. మన దగ్గర ప్రీమియం ముందే అసలులో కలిసిపోయింది. కొత్త బ్యాంకు పాత బ్యాంకుకు కట్టేది మిగిలిన బాకీ మొత్తం, అందులో ఆ బీమా సొమ్మూ ఉంటుంది. అంటే బ్యాంకు మారినంత మాత్రాన బీమా భారం పోదు. పాలసీని సరెండర్ చేస్తామని విడిగా అర్జీ పెట్టాలి. మిగిలిన కాలానికి లెక్కగట్టి కొంత సొమ్ము తిరిగిచ్చే నిబంధన చాలా పాలసీల్లో ఉంటుంది. దానికి లోను కదిలించనక్కర్లేదు.

వడ్డీ రేటు బాగా తగ్గుతుందంటే మారవచ్చు. మారే వడ్డీ రేటు మీద తీసుకున్న ఇంటి అప్పును ముందే తీర్చేస్తే జరిమానా వేయరాదని 2012లోనే బ్యాంకులకు ఉత్తర్వు వచ్చింది. అయినా ప్రాసెసింగ్ ఫీజు, వకీలు, మళ్లీ రిజిస్ట్రేషన్ ఖర్చులు తప్పవు. కొత్త బ్యాంకు కూడా ఒక బీమా ఫారం ముందు పెడుతుంది. "ఇంకో రెండు లక్షలు ఎక్కువ తీసుకోండి" అని కూడా అంటుంది. వడ్డీ నుంచి త్వరగా బయటపడేందుకు మారడం ఒకటి, పెళ్లి ఖర్చుకు అప్పు పెంచుకోవడం ఒకటి. రెండోదానికి మేము సరే అనలేం.

"బీమా తీసేస్తే, రేపు నీకేమైనా అయితే?" అని ఆయన ఇల్లాలు అడుగుతున్నారట. సరైన ప్రశ్న. చనిపోయినవాడి ఆస్తిలో వారసుల వాటా కంటే ముందు అప్పే తీర్చాలి. జీవిత బీమాను చాలామంది ఉలమా ఒప్పుకోరు. నిజమే, కానీ పిల్లలు చిన్నవాళ్లు, ఉన్నది ఆ ఇల్లొక్కటే. తిరిగొచ్చే సొమ్మును అసలుకు కట్టి, నెలనెలా మరికొంత కడితే బాకీ తగ్గుతుంది. అది బీమాకు సమానమని మాత్రం మేము చెప్పలేదు. సరెండర్ చేసేముందు భార్యాభర్తలిద్దరూ ముఫ్తీ సాబ్‌కు కాగితాలు చూపించమన్నాం.

అర్జీ మటుకు అప్పుడే రాయించుకున్నారు. మా కలం ఉర్దూలోనే బాగా సాగుతుంది, అయినా తెలుగులోనే రాశాం. ముఫ్తీ సాబ్ సరేనన్నాకే ఇవ్వమనీ, ఇచ్చినప్పుడు నకలు మీద బ్యాంకు ముద్ర, తేదీ వేయించుకోమనీ చెప్పి పంపాం.