పరమాణువు కథా? లోపాల చిట్టానా?

మన బడి పుస్తకాలలో పరమాణు నిర్మాణం అనే పాఠం ఒకటి ఉంటుంది. దానిని చదవకుండా పదో తరగతి దాటినవారు మనలో ఉండరు. ఆ పాఠం మీద నాకు చిరకాలంగా ఒక కోపం ఉంది. ఇవాళ దానిని ఇక్కడ దించుకుంటాను.

ఆ పాఠం నడక ఇది. పరమాణువును విభజించలేమని డాల్టన్ అన్నాడు, పొరబడ్డాడు. అది పుచ్చకాయలాంటిదని థామ్సన్ అన్నాడు, పొరబడ్డాడు. సౌరకుటుంబం వంటిదని రూథర్‌ఫర్డ్ అన్నాడు, ఆయనా పొరబడ్డాడు. తరువాత బోర్ వచ్చాడు, ఆయనకూ అదే గతి. ప్రతి పేరు కిందా 'లోపములు' అని ఒక శీర్షిక, దాని కింద రెండు మూడు అంశాలు, వాటికిన్ని మార్కులు. మహామహులంతా వరుసలో నిలబడి 14 ఏళ్ళ పిల్లవాడిచేత తప్పులు దిద్దించుకుంటున్నట్లుంటుంది.

ఇది చరిత్ర కాదు. జరిగినదేమిటో చూద్దాం.

1897లో థామ్సన్ కేంబ్రిడ్జిలో కాథోడ్ కిరణాలను విద్యుత్ క్షేత్రంతోనూ, అయస్కాంత క్షేత్రంతోనూ వంచి, వాటిలోని కణాల ద్రవ్యరాశికీ ఆవేశానికీ గల నిష్పత్తిని కొలిచాడు. గొట్టంలోని వాయువును మార్చినా, లోహాన్ని మార్చినా ఆ నిష్పత్తి మారలేదు. అంటే అన్ని పదార్థాలలోనూ ఉన్నది ఒకే కణమన్నమాట. ఇక 1904 నాటి ఆయన నమూనాలో ఎలక్ట్రాన్లు గింజల్లా కదలక మెదలక పడి లేవు. ధనావేశపు గోళంలో వలయాలుగా తిరుగుతున్నాయి. ఏ వలయంలో ఎన్ని ఉంటే నిలకడ కలుగుతుందో లెక్కకట్టి, ఆవర్తన పట్టికకు కారణం అందులో దొరుకుతుందేమోనని ఆయన వెదికాడు. ఆ వెదుకులాటనంతా మన పుచ్చకాయ మింగేసింది.

1909లో మాంచెస్టర్‌లో గైగర్, మార్స్‌డెన్ చీకటి గదిలో కూర్చుని, జింక్ సల్ఫైడ్ తెర మీద ఆల్ఫా కణాలు రేపే మెరుపులను సూక్ష్మదర్శినిలోంచి ఒక్కొక్కటిగా లెక్కపెట్టారు. ప్లాటినం రేకు మీద పడిన సుమారు 8000 కణాలలో ఒకటి వెనక్కి తిరిగి వచ్చింది. దాని అర్థమేమిటో రూథర్‌ఫర్డ్ 1911లో ప్రకటించాడు. ఆ వ్యాసంలో రెండు సంగతులున్నాయి. మన పుస్తకాలు వాటిని చెప్పవు. ఒకటి, కేంద్రంలోని ఆవేశం ధనమో ఋణమో ఆ ప్రయోగం తేల్చదని ఆయనే ఒప్పుకున్నాడు. సౌలభ్యం కోసమే ధనమనుకున్నాడు. రెండు, ఇటువంటి పరమాణువు నిలకడగా ఉంటుందా అన్న ప్రశ్నను ఈ దశలో చర్చించనక్కరలేదని స్పష్టంగా రాశాడు. మనం మార్కులకోసం వల్లించే 'లోపం' ఆయనకు తెలియనిది కాదు; తెలిసే పక్కన పెట్టినది. కొలవనిదానిని కొలిచినట్లు చెప్పకపోవడం లోపమైతే, అటువంటి లోపం మనకు ఇంకా కావాలి.

ఆ పక్కన పెట్టిన ప్రశ్ననే 1912లో మాంచెస్టర్ వచ్చిన బోర్ చేతికి తీసుకున్నాడు. 1913లో ఆయన చేసిన ఊహ వింతదే. కానీ ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి, దాని ఆవేశం, ప్లాంక్ స్థిరాంకం తీసుకుని, హైడ్రోజన్ వర్ణపటంలోని రిడ్‌బర్గ్ స్థిరాంకాన్ని ఆయన లెక్కకట్టి చూపాడు. హైడ్రోజన్‌వని అందరూ అనుకుంటున్న కొన్ని గీతలు నిజానికి హీలియంవన్నాడు, ప్రయోగశాల అవునంది. 1926 నాటి ష్రోడింగర్ సమీకరణంతో బోర్ కక్ష్యలు పోయాయి, నిజమే. కానీ థామ్సన్ ఎలక్ట్రాన్ పోలేదు, రూథర్‌ఫర్డ్ కేంద్రకం పోలేదు, బోర్ శక్తిస్థాయిలు పోలేదు. పోయినది బొమ్మ, కొలత నిలిచింది.

పరీక్షల చదువుకు ఇంత లోతెందుకు అంటారా? నేను అదనంగా ఒక్క పుటైనా అడగడం లేదు. ఉన్న పుటలోనే ప్రశ్న మార్చమంటున్నాను. 'రూథర్‌ఫర్డ్ నమూనా లోపాలు రాయుము' అనేదానికి బదులు, 'ఏ ప్రయోగం ఏ నమ్మకాన్ని మార్చింది? మార్చకుండా మిగిల్చినదేమిటి?' అని అడగండి.

ఇది మార్కుల గొడవ మాత్రమే కాదు. శాస్త్రమంటే పొరబాట్ల వరుస అని నేర్చుకున్న పిల్లవాడు పెద్దవాడయ్యాక ఏమంటాడు? 'నిన్న ఒకటన్నారు, ఇవాళ ఇంకొకటంటున్నారు, రేపు ఇదీ తప్పంటారు' అంటాడు. టీకా విషయంలోనూ అంటాడు, గ్రహణం విషయంలోనూ అంటాడు. వాడికి తాయెత్తు అమ్మేవాడు సరిగ్గా ఆ మాటకోసమే కాచుకుని ఉంటాడు. ఆ అమ్మకానికి రంగం సిద్ధం చేసినది మన పాఠమే.

మీలో ఉపాధ్యాయులుంటే, ఈసారి ఆ పాఠం వచ్చినప్పుడు 'లోపములు' అన్న మాటను నల్లబల్ల మీద రాయకుండా చెప్పి చూడండి. పిల్లలు ఏ ప్రశ్నలు వేశారో ఇక్కడ రాయండి. నాతో ఏకీభవించనివారి వ్యాఖ్యలకూ ఇంతే ఆహ్వానం.