బిడ్డ లేని కడుపును ఎవరు చూస్తారు?

స్కానింగ్ అనగానే మనకు గుర్తొచ్చేది గర్భిణీ స్త్రీయే. ఆ యంత్రం ఆడపిండాన్ని వెతికి చంపే సాధనమైనందుకే మహిళా సంఘాలు పోరాడి 1994లో లింగనిర్ధారణ నిషేధ చట్టాన్ని సాధించుకున్నాయి. ఆ పోరాటం ఇంకా ముగియలేదు. అయితే అదే యంత్రాన్ని గురించి మనం అడగని ప్రశ్న మరొకటుంది. ముట్లుడిగిన స్త్రీ కడుపులోకి ఎవరు చూస్తున్నారు?

గుండె నుంచి బయలుదేరి వెన్నెముక ముందు నుంచి కడుపులోకి దిగే పెద్ద రక్తనాళం బృహద్ధమని. కడుపులో దాని వెడల్పు మామూలుగా 2 సెంటీమీటర్లు. గోడ బలహీనపడి 3 సెంటీమీటర్లకు ఉబ్బితే దాన్ని ఎన్యూరిజం అంటారు. చాలామందికి నొప్పి ఉండదు. పగిలితే ఎందరో ఆసుపత్రి చేరకముందే చనిపోతారు. గర్భిణికి చేసే అల్ట్రాసౌండ్‌తోనే దీన్ని కొలవొచ్చు. కోత లేదు, రేడియేషన్ లేదు, కొద్ది నిమిషాల పని. ఆపరేషన్ దాకా వస్తేనే సీటీ స్కాన్ కావాలి.

ఇంత తేలికైన పరీక్షను ఎవరికి చేస్తున్నారు? బ్రిటన్‌లో 2009 నుంచి 65 ఏళ్లు వచ్చిన మగవాళ్లను పిలిచి చేస్తున్నారు. ఆడవాళ్లకు పిలుపు లేదు. దీనికి ఆధారమైన నాలుగు పెద్ద అధ్యయనాల్లో మూడు మగవాళ్ల మీదే జరిగాయి. 2002లో ఫలితాలు వెలువడిన అతి పెద్దదానిలో సుమారు 67,800 మంది ఉంటే, ఒక్క స్త్రీ లేదు. అమెరికా నిపుణుల బృందం 2019లో, పొగతాగిన మగవాళ్లకు 65-75 ఏళ్ల మధ్య ఒకసారి స్కాన్ చేయాలంది. పొగతాగిన ఆడవాళ్ల విషయంలో ఆధారాలు చాలవంది. బడికి పంపకుండా చదువు రాదని వెక్కిరించడం కాదా ఇది?

మగవాళ్లలో ఈ జబ్బు ఎక్కువ, నిజమే. కానీ అంతే ఉబ్బు స్త్రీలో పగిలే ప్రమాదం సుమారు మూడు నాలుగు రెట్లు. ఆ సంగతి ఎందుకు వినబడదు?

"మన ఆడవాళ్లు పొగ తాగుతారా?" అని అడిగేవాళ్లు గోదావరి లంకలకు రావాలి. చుట్టలకు పేరుపడ్డది లంక పొగాకే. శ్రీకాకుళం, విశాఖ తీరంలో స్త్రీలు నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగడం అందరికీ తెలిసిందే. ఈ జబ్బుకు అతి పెద్ద కారణం పొగాకే. రావులపాలెం చుట్టుపక్కల నేను కలిసే పెద్దవయసు కూలి స్త్రీలు కడుపునొప్పి, నడుంనొప్పి అంటే వాళ్లకు దొరికేది గ్యాస్ బిళ్ల, "వయసైపోయింది కదమ్మా" అనే మాట. ప్రతి నొప్పీ ఎన్యూరిజం కాదు. కానీ ఒక్కసారైనా చూడాలి కదా!

లింగనిర్ధారణ చట్టం దీనికి అడ్డు కాదు. అది నిషేధించింది పిండం ఆడో మగో చెప్పడాన్ని, స్త్రీ రక్తనాళాన్ని చూడడాన్ని కాదు.

కనుక మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. బీపీ, షుగరు చూసే ప్రతి శిబిరంలో స్త్రీలను కూడా చుట్ట, బీడీ అలవాటు గురించి, ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉందా అని అడగాలి. అలాంటి 65 ఏళ్లు దాటిన స్త్రీకి ప్రభుత్వాసుపత్రిలో ఒకసారి ఉచితంగా స్కాన్ చేయాలి. పరిశోధనల్లో స్త్రీలను చేర్చి, వాళ్ల లెక్కలు విడిగా చెప్పాలి. కనే వయసు దాటినా మన కడుపు మనదే. దాన్ని చూడమని అడగడం మన హక్కు.