మంగళవారం సాయంత్రం ఏడింటికి

జర్మనీలో చదువుకుంటున్న విదేశీ విద్యార్థుల్లో ఇప్పుడు మనదేశం వాళ్లదే మొదటి స్థానం. 2023-24లో వారి సంఖ్య 49 వేలు దాటింది. అందులో తెలుగు పిల్లలకు కొదవలేదు. వీసా, ఖర్చుల సొమ్ము ముందే జమ చేయాల్సిన బ్లాక్డ్ అకౌంట్, హాస్టల్ గది గురించి కన్సల్టెన్సీలు పూసగుచ్చినట్టు చెప్పి పంపుతాయి. వెళ్లిన ఆర్నెల్లకు ఓ ఆదివారం మధ్యాహ్నం మీదపడే ఒంటరితనం గురించి మాత్రం ఎవరూ చెప్పరు. ఆదివారం అక్కడ కొట్లన్నీ మూతే. వీధిలో అలికిడి ఉండదు. ఫోన్ చేస్తే అమ్మ ‘తిన్నావా’ అని అడుగుతుంది. ‘ఎవరితో తిన్నావు’ అని అడగదు.

స్థానికులతో స్నేహం కుదరడం కష్టమనే మాట జర్మనీ విషయంలో తరచూ వినిపిస్తుంది. విదేశాల్లో ఉంటున్నవారి అభిప్రాయాలు సేకరించే ఇంటర్‌నేషన్స్ సర్వేల్లోనూ అదే ఫిర్యాదు. ఆ సంస్థ ఉన్నది మ్యూనిక్‌లోనే కావడం ఓ తమాషా.

సికింద్రాబాద్‌లో రైలెక్కితే విజయవాడ వచ్చేలోగా ఎదుటి మనిషి ఊరు, ఉద్యోగం, పిల్లల పెళ్లిళ్లు అన్నీ తెలిసిపోతాయి మనకు. పులిహోర పొట్లం చేతులు మారుతుంది. దిగాక ఎవరి దారి వాళ్లది. జర్మనీలో పక్కింటాయన రెండేళ్లపాటు రోజూ పలకరిస్తాడు, అంతకు మించి అంగుళం కదలడు. అది అయిష్టం కాదు. చిన్ననాటి స్నేహితులు ఉన్న ఊళ్లోనే ఉంటారు, వారం మొత్తం డైరీలో నిండిపోయి ఉంటుంది. చెప్పాపెట్టకుండా వెళ్లి కాలింగ్ బెల్ కొడితే కంగారుపడతారు.

అలాంటి దేశంలో స్నేహానికి ఓ చిరునామా ఉంది. దాన్ని వాళ్లు ‘ఫెరైన్’ అంటారు, మన మాటల్లో సంఘం. ఏడుగురు కూడితే రిజిస్టర్ చేసుకోవచ్చు. అలా నమోదైనవే ఆరు లక్షలకు పైగా ఉన్నాయి. పాటల బృందాలు, చదరంగం, పెరటి తోటలు, ఆఖరికి కుందేళ్లు పెంచేవాళ్లకూ ఓ సంఘం. చాలా ఊళ్లలో అగ్నిమాపక దళం కూడా జీతం లేని వలంటీర్లదే, దేశం మొత్తమ్మీద వాళ్లు దాదాపు పది లక్షల మంది. టేబుల్ టెన్నిస్ సంఘమే చూడండి. మంగళవారం సాయంత్రం ఏడింటికి బడి జిమ్‌లో అందరూ కలిసి బల్లలు వేయాలి, ఆడాక మళ్లీ మడిచి గోడకు చేర్చాలి. కొత్తగా చేరిన మనవాడికి మాటలు సగం అర్థం కావు, ఆటకు ఆ అవసరమూ లేదు. పుట్టినరోజు ఎవరిదైతే కేకు వాళ్లే తెస్తారు. ఒకరోజు ముందే శుభాకాంక్షలు చెప్పారో, ముఖాలు మారిపోతాయి. అక్కడ అది అపశకునం! మూడు నెలలు గడిచాక ఓ వారం వెళ్లకపోతే ‘ఒంట్లో బాగాలేదా’ అని ఫోన్ వస్తుంది. మనవాడికి ఆ దేశంలో వచ్చిన తొలి పరామర్శ బహుశా అదే.

స్నేహం గంటల లెక్కన పండుతుందని అమెరికాలో కాన్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ హాల్ 2018లో ఓ అధ్యయనంలో తేల్చారు. ముఖపరిచయం మామూలు స్నేహంగా మారడానికి సుమారు 50 గంటలు, ఆప్తమిత్రుడు కావడానికి 200 గంటలకు పైనే పడుతుందట. మనసులు కలవాలంటాం కానీ, ముందు కలవాల్సింది వేళలు. ఆ గంటలు జర్మనీలో మనవాళ్ల దగ్గర లేక కాదు. శనివారం బిర్యానీకి, ఆదివారం క్రికెట్‌కు, పండగొస్తే తెలుగు సంఘానికి పోతాయి. అక్కడి క్రికెట్ క్లబ్బుల్లోనూ ఎక్కువగా కనిపించేది మన ఉపఖండం ముఖాలే. ఇందులో తప్పేమీ లేదు. అర్ధరాత్రి జ్వరం వస్తే చారన్నం తెచ్చిపెట్టేది గుంటూరు కుర్రాడే తప్ప టేబుల్ టెన్నిస్ భాగస్వామి కాదు. కానీ వారంలో ఒక్క సాయంత్రమైనా తెలుగు వినపడని చోటికి వెళ్లనివాళ్లు పదేళ్లున్నా అతిథుల్లాగే ఉండిపోతున్నారు.

ఇక మన సంగతి. హైదరాబాద్‌లోని ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆఫ్రికా, అరబ్ దేశాల విద్యార్థులు దశాబ్దాలుగా చదువుకుంటున్నారు. రైల్లో అరగంటలో చుట్టరికం కలిపేసే మనం వాళ్ల దగ్గరకొచ్చేసరికి జర్మన్ల కన్నా బిగుసుకుపోతాం. ఇల్లు అద్దెకివ్వడానికే తటపటాయిస్తాం. వాళ్లు పేరు రాయించుకుని వారం వారం వెళ్లి కూర్చోవడానికి ఆ పక్కనే ఉన్న తార్నాకలో ఏ సంఘం తలుపు తెరిచి ఉంది?