అగ్నిభయము - ద్వారపరీక్ష

కోనసీమకు అగ్నిభయము క్రొత్తది కాదు. 1995 జనవరి 8వ తేదీన పాశర్లపూడి బావినుండి ఎగసిన మంట 65 దినములు ఆరలేదు. 2014 జూన్ 27వ తేదీ తెల్లవారుజామున నగరము గ్రామమున గ్యాసు గొట్టము ప్రేలి, ఇరువదిమందికి పైగా పొట్టనబెట్టుకొనినది. ఈ రెండు ఉపద్రవములును మనకొక పాఠము నేర్పినవి. భూగర్భమునుండి గ్యాసు తీసికొనిపోవు సంస్థలను నిలదీసి ప్రశ్నింపవలయునని జనులు గ్రహించిరి. అది మంచిదే. కాని ఆ పాఠముతోపాటు ఒక పొరపాటు కూడ మన మనస్సులలో నాటుకొనినది. నిప్పు అనగా పొలములోని గొట్టమునుండియో, చమురుబావినుండియో వచ్చునదే కాని, మన మేడమెట్ల క్రిందనుండి వచ్చునది కాదని మనము నమ్మియున్నాము. ఈ నమ్మకమునకు ఆధారము లేదు.

మన పెద్దలు కట్టిన మండువా లోగిళ్లను పరికింపుడు. నడుమ ఆకాశమునకు తెరచియుంచిన మండువా. ముందు వీధిగుమ్మము, వెనుక పెరటిగుమ్మము. ఒక మూల నిప్పంటుకొన్నచో పొగ మండువానుండి మీదికి పోవును. ఇంటిల్లిపాదియు దగ్గరనున్న గుమ్మమునుండి వెలుపలికి వచ్చును. తాటాకిండ్ల పేదలు వడగాలి దినములలో సర్వస్వమును పోగొట్టుకొనుచుండిరన్నది నిజమే. అయినను వారికి గడప దాటిన వెంటనే నేల దొరకుచుండెను. నేడు అమలాపురమునను, కొంతవరకు రాజోలు, కొత్తపేటలయందును కొబ్బరితోటలు ఇండ్లస్థలములగుచున్నవి. 2022 ఏప్రిల్ 4వ తేదీన అమలాపురము జిల్లాకేంద్రమైనది; కచేరీలు వచ్చినవి; అద్దె ఇండ్లకు గిరాకి కలిగినది. క్రింద వాహనములు నిలుపుటకు స్తంభములు, పైన నాలుగైదు అంతస్తులు, అన్నిటికిని కలిపి ఒకే మెట్లదారి - ఇదియే నేటి గృహము. దీనికి మండువా లేదు, పెరటిగుమ్మమును లేదు.

ఆ మెట్లదారి మొదలు చూడుడు. విద్యుత్తు మీటర్లన్నియు అచ్చటనే గోడకు బిగింపబడియుండును. వాని ప్రక్కనే మోటారుసైకిళ్లు. ఇప్పుడు రాత్రియెల్ల విద్యుత్తు నెక్కించుకొను స్కూటర్లు. అనేక భవనములలో ఈ స్థలమునకును మెట్లకును నడుమ తలుపు అనునది లేనేలేదు. అచ్చట ఒక తీగ కాలిన యెడల, వేడిపొగ ఎక్కడికి పోవును? మెట్లదారియే పొగగొట్టమగును. జనులు దిగి రావలసిన దారిని పొగ ఎక్కిపోవును. నిప్పు మొదటి అంతస్తును చేరకమునుపే పొగ అయిదవ అంతస్తును చేరును.

ఇది ఊహ కాదు. 2022 సెప్టెంబరు 12వ తేదీన సికిందరాబాదులో ఒక హోటలు సెల్లారునందలి విద్యుత్తు స్కూటర్ల దుకాణమున అగ్ని పుట్టెను. పొగ మెట్లదారి వెంట పైకి ఎగబ్రాకగా 8 మంది ప్రాణములు కోల్పోయిరి. 2023 మార్చి 16వ తేదీన ఆ నగరముననే స్వప్నలోక్ భవనసముదాయమున 6 గురు యువతీయువకులు ఊపిరాడక మరణించిరి. 2025 మే 18వ తేదీన హైదరాబాదు చార్మినారు చెంత గుల్జార్ హౌజులో ఒకే కుటుంబబంధువులు 17 మంది పోయిరి. వారిలో 8 మంది పిల్లలు. ఆ యింటికి ఉన్నది ఒకే ఇరుకు దారి. మన ప్రక్కనున్న విజయవాడలో 2020 ఆగస్టు 9వ తేదీన కోవిడు రోగులనుంచిన హోటలులో 10 మంది కన్నుమూసిరి. ఈ దుర్ఘటనలయందు జనుల ప్రాణములు తీసినది మంటకంటె ముఖ్యముగ పొగయే. పొగను ఆపగల సాధనము నీటిగొట్టము కాదు, తలుపు.

అగ్నినిరోధక ద్వారము, వాడుకలో ఫైరు డోరు, అనునది సామాన్యమైన తలుపు కాదు. నియమితకాలము మంటకు తట్టుకొనునట్లు దానిని చేసి, కొలిమిలో పరీక్షించి, ఇన్ని నిమిషములని నిర్ణయింతురు. మన జాతీయ భవననిర్మాణ నియమావళి 2016వ సంవత్సరపు ప్రతిలో మెట్లదారులకు 120 నిమిషములు నిలుచు తలుపులను చెప్పియున్నది. ఆ తలుపు తెరచి వదలినంతనే తానంతట తానే మూసికొనవలయును. దాని అంచులయందు ఒక పట్టీ యుండును. వేడి తగిలినంతనే అది ఉబ్బి, రెక్కకును బంధమునకును నడుమనున్న సందును పూడ్చివేయును. ఆ తలుపుకు ఈవల నిప్పు, ఆవల మనుష్యులు దిగిపోవు దారి. అగ్నిమాపక శకటము కాలువగట్టు దారులలో, ఇరుకు వంతెనలమీదుగ వచ్చు మన సీమలో, అది వచ్చువరకు కావలియుండవలసినది ఈ తలుపే. కాని కావలివాడు నిద్రించుచున్నాడో మేల్కొనియున్నాడో ఎవరు చూచుచున్నారు?

చట్టమేమి చెప్పుచున్నదో చూతము. 1999నాటి అగ్నిమాపక చట్టము ననుసరించి నివాసభవనము 18 మీటర్లు, వ్యాపారభవనము 15 మీటర్ల ఎత్తు చేరినప్పుడే అగ్నిమాపకశాఖవారి నిరభ్యంతరపత్రము అవసరమగుచున్నది. జనులు గుమిగూడు కల్యాణమండపములు, సినిమాశాలలు, విద్యాలయములవంటివానికి 6 మీటర్ల ఎత్తుగాని, 500 చదరపు మీటర్ల స్థలముగాని చాలును. మన పట్టణములలో అయిదంతస్తుల యిండ్లను సాధారణముగా 18 మీటర్లకు లోపలనే ముగింతురు. అనగా కోనసీమయందు మధ్యతరగతి కుటుంబములు కాపురముండు భవనములలో పెక్కు ఆ పత్రముయొక్క అవసరము లేకయే నిలిచియున్నవి. చట్టము మీటర్లు లెక్కించును. పొగకు ఆ లెక్క తెలియదు.

చట్టము వర్తించుచోటనైనను పరిస్థితి సంతృప్తికరముగ నున్నదా? వివాహముల దినములలో ఈ సీమలోని ఒక కల్యాణమండపమునకు మేము పోయియుంటిమి. లోపల వందలకొలది జనులు. భోజనశాల ప్రక్కనున్న వెనుకతలుపునకు తాళము. దానికి ఆనించి కుర్చీల దొంతరలు. తాళపుచెవి ఎవరియొద్ద నున్నదని అడుగగా, ఆ మనిషి ఊరికి వెళ్లెనని ప్రత్యుత్తరము వచ్చినది. నిరభ్యంతరపత్రము మాత్రము కార్యాలయపు గోడకు అద్దములో వ్రేలాడుచున్నది. పత్రము గోడమీదను, తాళము తలుపుమీదను ఉన్నప్పుడు, జనులను రక్షించునది ఏది? ఎత్తుకు లోబడిన యిండ్లలో చట్టము చేరలేదు. చేరినచోట తలుపు తెరచుకొనుట లేదు. రెండుచోట్లను లోపించినది ఒక్కటే: తలుపును కాలక్రమమున పోయి చూచు మనుష్యుడు.

మూసిన తలుపుల చరిత్ర లోకమున చాల దీర్ఘమైనది. 1942 నవంబరు 28వ తేదీన అమెరికాదేశపు బోస్టను నగరమున కోకోనట్ గ్రోవ్ అను వినోదశాలలో 492 మంది చనిపోయిరి. తాళములు వేసిన తలుపులు అచ్చట మరణమునకు ముఖ్యకారణములలో నొకటి. 1997 జూన్ 13వ తేదీన ఢిల్లీలోని ఉపహార్ సినిమాశాలలో 59 మంది బయటికి పోవు దారులు కానక ఊపిరాడక ప్రాణములు విడిచిరి. 2017 జూన్ 14వ తేదీన లండనులోని గ్రెన్‌ఫెల్ గోపురమున 72 మంది మరణింపగా, విచారణసంఘము ఇండ్ల తలుపులనుగూర్చి ప్రత్యేకముగ పరిశీలించెను. తలుపులను మూయు మరలు విరిగియుండుటచేతను, కొన్నిటికి లేకపోవుటచేతను, పొగ మెట్లదారిలోనికి చొరబడినదని తేల్చెను. దాని ఫలితముగ 2023 జనవరి 23వ తేదీనుండి ఇంగ్లండులో 11 మీటర్లకు మించిన నివాసభవనములయందు ఉమ్మడి దారుల తలుపులను మూడు నెలలకొకసారియు, ఇండ్ల ముఖద్వారములను సంవత్సరమునకొకసారియు పరీక్షింపవలయునని నిబంధన అమలులోనికి వచ్చినది. అమలాపురములోని అయిదంతస్తుల యిల్లు అచ్చటనే యుండినచో ఏడాదికి నాలుగుమారులు దాని తలుపులు పరీక్షింపబడును. ఇచ్చట కట్టిన దినమునుండి ఒక్కమారైనను ఎవ్వరును చూడరు. పరదేశపు ఆచారములన్నియు మనకు అనుకరణీయములు కావు. కాని ప్రాణరక్షణకు చేసిన యేర్పాటు ఎచ్చటిదైనను గ్రహింపదగినదే.

దీనికి కొన్ని ఆక్షేపణలు చెప్పుదురు. వెనుకతలుపు తాళము వేయకున్నచో దొంగలు వత్తురని మొదటిది. లోపలినుండి ఒక కమ్మీని నెట్టినంతనే తెరచుకొనుచు, బయటినుండి తెరవరాని తలుపులు కలవు. తాళపుచెవి లేకయే లోపలివారు తెరువగలుగవలయునని జాతీయ నియమావళియే చెప్పుచున్నది. కావున దొంగభయము సాకే కాని కారణము కాదు. వ్యయము అధికమని రెండవది. గృహప్రవేశమునకు టేకు సింహద్వారముపై చెక్కడపు పనికి లెక్కచూడక వ్యయము చేయువారు మెట్లదారి తలుపు వద్దనే పొదుపును జ్ఞప్తికి తెచ్చుకొనుట విచిత్రము. ఒక భవనములోని కుటుంబములన్నియు పంచుకొన్నయెడల ఆ వ్యయము ఒక్కొక్కరికి భరింపరానిది కానేరదు. తనిఖీ యనగా మామూళ్లకు మరొక మార్గమని మూడవది. ఇది తోసివేయదగిన మాట కాదు. జనుల అనుభవమునుండి పుట్టినది. కాని దానికి మందు తనిఖీని మానుట కాదు, దానిని బహిరంగము చేయుట. ఏ తేదీన ఎవరు చూచిరి, ఏ లోపము కనుగొనిరి, ఎప్పటిలోగా సరిచేయవలయును అను వివరములను వీధిగుమ్మముకడ పలకపై వ్రాసిపెట్టవలయును. అద్దెకు వచ్చువాడును, పెండ్లికి వచ్చువాడును దానిని చదువును. పదిమంది చదువు పలకమీద అబద్ధము ఎక్కువకాలము నిలువదు.

కావున మా సూచనలివి. అమలాపురము పురపాలకసంఘమువారును, రాజోలు, కొత్తపేట పంచాయతీలవారును మూడంతస్తులకు మించిన ప్రతి భవనమును పట్టికలో చేర్చి, అగ్నిమాపకశాఖవారి సహాయముతో ఏడాదికొకమారు ద్వారపరీక్ష జరిపింపవలెను. కల్యాణమండపములను వివాహముల కాలమునకు ముందును, వస్త్రదుకాణములను సంక్రాంతి రద్దీకి ముందును చూడవలెను. శాసనసభయందు మన ప్రతినిధులు ఎత్తునుగూర్చిన హద్దును తగ్గించుటకు ప్రయత్నింపవలెను. కాని అంతవరకు ఇంటివారు చేతులు ముడుచుకొని కూర్చుండ నక్కరలేదు. ప్రతి భవనపు నివాసుల సంఘమును మూడు నెలలకొక ఆదివారము ఒక గంట దీనికి వినియోగించిన చాలును.

చూడవలసినవి కష్టమైనవి కావు. మీటర్ల స్థలమునకును మెట్లకును నడుమ తలుపున్నదా? లేనియెడల మొదటి పని అదియే. ఉన్నయెడల దానిని సగము తెరచి వదలుడు. అది తానే పూర్తిగ మూసికొనవలెను. రెక్కకును బంధమునకును నడుమ పైనను ప్రక్కలను సందు రెండు రూపాయినాణెములను ఒకదానిపై నొకటి పెట్టినంత, అనగా మూడు మిల్లీమీటర్ల మాత్రమే యుండవలెను. మడతబందుల మరమేకులు ఒక్కటియు ఊడియుండరాదు. అంచుపట్టీ చిరుగరాదు, దానిపై రంగు పూయరాదు. తలుపు మూసికొనకుండ ఇటుకగాని, చెక్కముక్కగాని అడ్డుపెట్టరాదు. బయటికి పోవు దారిలో సైకిలు, బియ్యపుబస్తా, విరిగిన మంచము ఉండరాదు. దొంగభయమున బాల్కనీలకు బిగించిన ఇనుపకమ్ములలో ఒక భాగమైనను లోపలినుండి తెరచుకొనవలెను. ఇందులో ఇంజనీరు విద్య అవసరమైనది మిక్కిలి తక్కువ.

లక్కయింటి కథ మన పిల్లలకెల్ల తెలియును. పాండవులు ఆ యింటినుండి బ్రదికి బయటపడినది అగ్ని దయతలచుటవలన కాదు. విదురుడు ముందుగనే హెచ్చరించెను; బిలము ముందుగనే త్రవ్వబడెను; ఆ దారి తెరచియున్నదని వారెరుగుదురు. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుట మన సామెతకు మాత్రమే పనికివచ్చును. పై పట్టణములనుండి హెచ్చరికలు ఒకటి తరువాత నొకటి వచ్చియున్నవి. కోనసీమలో ఇట్టి దుర్ఘటన జరిగిన పిమ్మట సంతాపసభలు చేయుట, నష్టపరిహారము కోరుట, విచారణసంఘము వేయుట మనకు చేతకాని పనులు కావు. అట్టి అవసరము రాకుండ చేయగల కాలము ఇంకను మన చేతిలోనే యున్నది. ఈ రాత్రి నిద్రించుటకు ముందు పాఠకులు తమ మెట్లదారి దిగి, ఆ తలుపును ఒకమారు తమ చేతితో త్రోసి చూతురుగాక.