మట్టి దాచిన కోటపట్టణం

జపాన్‌లోని ఫుకుయి ప్రాంతంలో, కొండల నడుమ ఇరుకైన లోయలో ఇచిజోదాని అనే కోటపట్టణం ఉండేది. అసాకురా వంశీయులు ఐదు తరాలపాటు, సుమారు నూరేళ్లు, అక్కడినుండి పాలించారు. 1573లో ఓడా నొబునాగా సేనలు దానిని దగ్ధం చేశాయి. తరువాత వచ్చిన ప్రభువు షిబాతా కత్సుయియే నేటి ఫుకుయి నగరమున్న చోట కోట కట్టుకున్నాడు. విడిచిన లోయలో వరిపొలాలు వెలిశాయి. పైన మరో పట్టణం లేవకపోవడమే మేలైంది. 1967లో ఆరంభమైన తవ్వకాలలో వీధులు, బావులు, కాల్వలు, పునాదిరాళ్లు చెక్కుచెదరకుండా బయటపడ్డాయి. ప్రభువుల సౌధాలతోపాటు సామాన్యుల ఇళ్ల ఆనవాళ్లూ దొరికాయి. పునాదులు తవ్వించే మనబోటివారు ఒక్కటి గుర్తుంచుకోవాలి: పొలంగా కనిపించే నేల అంతా ఖాళీ నేల కాదు.