ఆగుట యెరుగని వేగము

సైకిలు నేర్చువాడు మొదట కోరునది వేగము. అతడు తప్పక నేర్వవలసినది ఆగుట. ఈ రెండవ విద్యను చులకన చేయువారు నేడు పెక్కు నగరములలో కానవచ్చుచున్నారు.

వారు నడుపునది ఫిక్స్‌డ్ గేరు సైకిలు. మన సైకిలు పోవుచుండగా కాళ్లను కదల్పక ఉంచవచ్చును. దీనియందు అట్లు కాదు. వెనుక చక్రము తిరిగినంతసేపు పెడళ్లును తిరుగుచునే యుండును. పెడళ్లను కాళ్లతో అడ్డగించిన చక్రము నిలుచును గదా యని కొందరు బ్రేకులను తీసివేయుదురు.

ఈ సైకిలుకు తగిన తావు పందెపు బాట. జపానులోని కొకురా నగరమున 1948లో మొదలైన కెయిరిన్ పందెములందు నేటికిని బ్రేకులు లేవు. అచట అందరును ఒకే దిక్కునకు పోవుదురు. ఒకడు తటాలున ఆగినచో వెనుకవాడు వచ్చి తగులును. అడ్డముగా వచ్చు బాటసారి యుండడు. తరువాత న్యూయార్కులో ఉత్తరములు చేరవేయు యువకులు దీనిని వీధిలోనికి తెచ్చిరి. వారిని చూచి ఇతరులును మోజుపడిరి.

ఇందలి ఆనందమును నేను కాదనను. నేర్పును కావలెను. కాని నేర్పు ప్రకృతిధర్మమును మార్పజాలదు. వేగముగా పోవు సైకిలును ఆపునపుడు భారము ముందు చక్రముపైకి ఒరగును. వెనుక చక్రము పట్టుదప్పి జారును. కావున త్వరగా ఆపగలది ముందు బ్రేకే.

2016లో లండనున ముందు బ్రేకు లేని ఇట్టి సైకిలు తగిలి, వీధి దాటుచున్న యొక స్త్రీ మరణించినది. నడిపినవానికి అప్పుడు 18 ఏండ్లు. మరుసటి యేట అతనికి 18 నెలల నిర్బంధశిక్ష పడినది. 2025లో సియోల్ నగరమున ఒక విద్యార్థి వాలు వీధిలో ఆగలేక ప్రాణములు గోల్పోయెను.

“నా ప్రాణము, నా యిష్టము” అని కొందరందురు. వీధి దాటు వృద్ధుడు వారి పందెములో చేరినాడా? బ్రిటను చట్టము ఈ సైకిలును నిషేధింపలేదు. ముందు బ్రేకు ఉండవలెనని మాత్రమే విధించినది. దానివలన ఆనందమేమియు తరుగదు.

నేను బడికి బయలుదేరునపుడు మా తండ్రిగారు ప్రతిదినము నా సైకిలు బ్రేకులు నొక్కి చూచెడివారు. అది నా కొరకే యని తలచితిని. బాలలారా! ఎదుటివారి కొరకు కూడ నని పెద్దవాడనైన పిమ్మట తెలిసికొంటిని.